వంద అంటే వకుళ

ఊరిని ఖాళీ చేయిస్తే ఏమేం పోతాయో రాసుకునే పద్ధతి ప్రభుత్వాల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. ఇల్లు పోతుంది, కొబ్బరి చెట్లు పోతాయి, వలలు ఆరేసుకునే జాగా పోతుంది. వీటన్నిటికీ బదులు ఏదో ఒకటి ఇస్తారు. ఇచ్చాక కూడా మనిషి ఇంకా ఏదో పోయిందంటూ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఆ ఏదో ఏమిటి, ప్రభుత్వ విధానంలో దానికి చోటెక్కడ అన్నదే వకుళ పీహెచ్‌డీకి ఎంచుకున్న విషయం.

విశాఖపట్నంలోని తీర విధాన అధ్యయన సంస్థలో చేరేనాటికి ఆమెకు ముప్పై దాటాయి. భర్త మురారికి డాబాగార్డెన్స్‌లో కళ్లద్దాల దుకాణం. ఇద్దరూ డిగ్రీలో ఒకే క్లాసు. వాళ్లకు మిన్ను అని ఓ పాప ఉండేది. ఐదో ఏట డెంగీ జ్వరం వచ్చి, ఆస్పత్రిలో చేర్చిన వారం తిరగకుండానే పోయింది. ఆ తర్వాత వకుళ చాలాకాలం గడప దాటలేదు. గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయేది. తల దువ్వుకుంటూ మధ్యలో ఆగిపోయేది. ఆమెను ఎలాగైనా బయటికి తేవాలనే మురారి ఆ పీహెచ్‌డీ ప్రకటన తెచ్చి ముందు పెట్టాడు. దరఖాస్తు కూడా అతనే నింపాడు, ఆమె సంతకం పెట్టిందంతే.

గైడు ప్రొఫెసర్ విశాలాక్షి కమిటీల్లో కూర్చుని కూర్చుని రాటుదేలిన మనిషి. పోయింది అంటే కమిటీలు వినవనీ, ఎంత పోయింది అని అడుగుతాయనీ ఆవిడ మొదటి రోజే చెప్పింది. ఎంత అన్నది చెప్పలేకపోతే ఈ విషయం మీద రాసిన పది థీసిస్‌ల పక్కన ఇది పదకొండోది అవుతుందని కూడా అంది. తర్వాత కింది అంతస్తులో ఉన్న ఫణికుమార్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఫణి మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్త. మనిషి మనసులోని బాధను తూచే సాధనం తయారుచేస్తున్నాడు. చూడ్డానికి అది ఈతగాళ్లు పెట్టుకునే టోపీలా ఉండేది. లోపలి వైపు బియ్యపు గింజలంత సెన్సర్లు. మనిషి తనకు జరిగింది తలుచుకుని చెబుతుంటే ముందు తెర మీద గీత లేస్తుంది, అది ఎత్తుకు చేరాక టోపీ లోపలికి చిన్న చిన్న విద్యుత్ తాకిళ్లు పంపి, వాటి ప్రతిధ్వనితో అంకెను ఖాయం చేస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి మోత వింటాం కదా, అలాంటిదేనన్నాడు ఫణి.

అయితే ఏ కొలతకైనా ఒక హద్దు కావాలి. థర్మామీటరుకు మరిగే నీళ్లు ఎలాగో దీనికీ ఒక బాధ కావాలి. ఎవరిదో ఒకరిది తీసుకుని, ఇది వంద అనుకుంటే, మిగతావన్నీ దాన్ని బట్టి వస్తాయి. ల్యాబులో కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. వకుళ కూర్చుంటానంది. విశాలాక్షి ఆలోచించుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇంటికెళ్లి మురారికి సంగతి చెప్పింది.

“అది మన పాప వకుళా, కొలబద్ద కాదు,” అన్నాడతను.

ఎవరికైనా పనికొస్తుందేమో అందామె. ఆ మాట అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదటి సిటింగులో వకుళ ఆస్పత్రి వరండా గురించి చెప్పింది. రక్తకణాల లెక్క పడిపోతోందని నర్సు చెప్పడం, పాప చేతి మీద సూది గుచ్చిన చోట నీలం మచ్చ, ఆ మచ్చను చీమ కుట్టిందని పాపకు సర్దిచెప్పడం. చెబుతూ చెబుతూ కుర్చీలోంచి కిందికి జారిపోయింది. మాటలు కూడా రికార్డు చెయ్యాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం కాబట్టి ఆ ఏడుపంతా రికార్డయింది. ఫణి కళ్లు తుడుచుకుంటూనే గ్రాఫులో అన్నిటికంటే ఎత్తున ఉన్న చోట వంద అని రాశాడు. ఆ రోజు నుంచి ల్యాబులో మాటకొస్తే ‘వంద అంటే వకుళ’ అనేవారు.

సూచిక మళ్లీ అదే చోటికి వస్తుందో లేదో చూడాలి కాబట్టి ఆమె చాలాసార్లు కూర్చోవలసి వచ్చింది. రాలేదు. సూచిక ప్రతిసారీ కాస్త కిందనే ఆగేది. కొత్త యంత్రం కదా, సెన్సర్లు జారుతున్నాయని ఫణి అనుకున్నాడు. ఎంత జారితే అంత కలిపి, మళ్లీ వందకు తెచ్చి పెట్టేవాడు. తప్పు మనిషిలో ఉండొచ్చని అతనికి తోచలేదు. ఎవరికీ తోచలేదు.

వకుళ మాత్రం తేరుకుంది. తిండి తినడం మొదలుపెట్టింది. చదివింది గుర్తుండేది. అందరూ సంతోషించారు, చదువు మనిషిని నిలబెట్టిందన్నారు. ఒక ఆదివారం పొద్దున బీరువా సర్దుతూ మిన్ను గౌన్లన్నీ తీసి, ఇస్త్రీ మడత కూడా చెడకుండా, పనిమనిషికి మనవరాలుందని ఇచ్చేసింది. బజారు నుంచి వచ్చిన మురారి ఖాళీ అరను చూశాడు. దాని ముందే నేల మీద కూర్చుండిపోయాడు. టీ పెట్టనా అని అడిగింది వకుళ. అతను ఆమె మొహంలోకి చూసి, ఏదో వెతికి, దొరకక, పెట్టమన్నాడు.

ఆ ఏడే టోపీని పెదగెడ్డపాలెం తీసుకెళ్లారు. నిజానికి అప్పటికి పెదగెడ్డపాలెం అన్న ఊరు లేదు. కొత్త రేవు కోసం ఆ బెస్తల ఊరిని ఒడ్డు మీంచి లేపి, లోపలికి, మెట్ట మీద కట్టిన కాలనీకి తెచ్చారు. ఇళ్లు గట్టివే ఇచ్చారు. వాళ్లు ఇంకొక్కటే అడుగుతున్నారు. రేవు కంచె పక్కన ఒడ్డుకు పోయే నడక దారి ఒకటి వదలమని. అందుకోసం పునరావాస ట్రిబ్యునల్‌లో దావా నడుస్తోంది. నడిపేది మైలపల్లి నూకాలు. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, వాయిదా రోజున ఊరందరినీ బస్సెక్కించే మనిషి.

టోపీ చూడగానే నూకాలు, “ఏటమ్మా, టోపీ ఎట్టడానికొచ్చినారా? ఇదివరకటోళ్లు ఇది నేకుండానే ఎట్టీసినారు,” అంది. కాలనీ అంతా నవ్వింది. నవ్వులయ్యాక ముందుగా కూర్చున్నది మాత్రం ఆవిడే.

ఆమె మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. రోజూ సాయంత్రం గంప దించి కాసేపు ఒడ్డున కూర్చోవడం ఆవిడకు అలవాటు. ఆ అలవాటు గురించి చెప్పమంటే చెప్పింది.

“ఆడెక్కడున్నాడో నాకు తెల్దు. ఒడ్డున కూకుంటే అటేపే ఉన్నాడని తెలిసీది. ఈ మెట్ట మీద కూకుంటే ఏ దిక్కు సూడాలో తెల్దమ్మా.”

అక్కడి నుంచి ఆవిడ ఏడుపు ఆపడం ఎవరి వల్లా కాలేదు. సూచిక తొంభై దాటింది. అలా ఇంటింటికీ తిరిగి, ఒక్కొక్కరినీ చాలాసార్లు కూర్చోబెట్టి, జారిన అంకెను ఫణి ఎప్పటిలా సరిచేస్తుంటే, దాదాపు కాలనీ అంతటినీ తూచారు. నూకాలు మరిది ఎర్రన్న, మరి కొద్దిమంది మాత్రం ఒప్పుకోలేదు. నా బాధ నీకెందుకు చూపించాలని ఎర్రన్న మొహం మీదే అడిగి లేచిపోయాడు.

ఆ ఫలితాలు విశాలాక్షి పునరావాస శాఖాధికారుల ముందు పెట్టింది. ఊరు పోవడమనే బాధ, బిడ్డ పోయిన బాధకు కాస్త దగ్గరగానే ఉందని ఒక అంకె చెప్పడం అదే మొదటిసారి. ఏడాది తర్వాత మళ్లీ తూచి, బాధ తగ్గుతోందో లేదో చూడమని శాఖ అడిగింది. తూచారు. దాదాపు అందరికీ సున్నా దగ్గర వచ్చింది.

ఇది శాఖకు ఇంకా నచ్చింది. వలస బాధ ఏడాదిలో దానంతటదే తీరిపోతుందని తేలింది కాబట్టి దారులూ గీరులూ అక్కర్లేదని, తీరమంతటికీ ఇదే విధానం పెట్టుకోవచ్చని ఒక ముసాయిదా తయారైంది. వకుళ థీసిస్ చివరి అధ్యాయానికి వచ్చింది. సంస్థలోనే ఉద్యోగం ఖాయమని విశాలాక్షి చెప్పింది.

ఆ రెండో విడత అంకెలు సరిచూసుకోవడానికి మరోసారి కాలనీకి వెళ్లినప్పుడు నూకాలు గుమ్మంలో కూర్చుని మనవరాలికి పేలు చూస్తోంది. టోపీ పెడితే పెట్టించుకుంది. మొగుడి సంగతి అడిగితే పక్కింటాయన సంగతి చెప్పినట్టు చెప్పింది. వాయిదాలకు ఎందుకు వెళ్లడం లేదని వకుళ అడిగింది.

“ఏటో అమ్మా, ఎల్లబుద్ది కాలేదు. ఒగ్గీసినాను. కడుపు నిండా తింతన్నాను, పడుకుంటే నిద్దరొత్తంది. ఇంకేటి గావాల.”

తిరిగొస్తుంటే బస్టాపు దగ్గర ఎర్రన్న ఎదురుపడ్డాడు. అతని దగ్గర కోర్టు కాగితాల సంచీ ఉంది. రేవువాళ్లు తన ఊరిని కొనేశారని అతని నమ్మకం. ఎంతకు అమ్ముడుపోయారో ఒక్కరూ చెప్పడం లేదని, ట్రిబ్యునల్‌లో ఊరి తరఫున తానొక్కణ్ణే నిలబడుతున్నానని చెప్పాడు.

“మా వొదిన నాతో ఏటన్నాదో తెలుసా అమ్మా? సముద్రం గోల నాకెందుకురా అన్నాది. మా అన్న పోనాక ఆయమ్మ బతికిందే ఆ ఒడ్డు మీద.”

బస్సులో కూర్చున్నాక వకుళ, వాయిదాలకు వెళ్లడం మానినవాళ్ల పేర్లు మనసులో ఒక్కొక్కటిగా తలుచుకుంది. ఇంకా వెళ్లాలనుకుంటున్నవాళ్లను తలుచుకుంది. టోపీ పెట్టుకున్నవాళ్లు ఇటు, పెట్టుకోనివాళ్లు అటు. గీత గీసినట్టు విడిపోయారు. ఇలాంటిది తెలిస్తే గుండె ఝల్లుమనాలి. ఆమెకు అలా ఏమీ కాలేదు. కిటికీలోంచి తాటిచెట్లు వెనక్కి పోతున్నాయి. గుండె ఝల్లుమనలేదేమిటన్న సంగతిని ఆమె, ఎవరిదో జబ్బు లక్షణంలాగా, గమనించి పెట్టుకుంది. అప్పుడే తన సిటింగులు గుర్తొచ్చాయి.

నేరుగా ఫణి దగ్గరికి వెళ్లి, అతను కలిపిన లెక్కలన్నీ తీసేసి తన అసలు అంకెలు చూపించమంది. ఫణి చూపించాడు. తెర మీద మెట్లు. మొదటి మెట్టు వంద. అక్కడి నుంచి ఒక్కొక్కటే దిగుతూ దిగుతూ చివర మూడు దగ్గర ఆగింది.

ఫణి ఆ మెట్లను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. జ్ఞాపకం తలుచుకున్న ప్రతిసారీ పెట్టె మూత తెరుచుకుంటుందనీ, మెదడు దాన్ని మళ్లీ కొత్తగా లోపల పెట్టుకోవాలనీ అతనికి తెలిసిన విషయమే. మూత తెరిచి ఉన్న ఆ కాసేపట్లోనే టోపీ తాకిళ్లు పంపుతోంది. జ్ఞాపకం చెక్కుచెదరకుండా లోపలికి తిరిగిపోతోంది. దాని తడి మాత్రం వెనక్కి వెళ్లకుండా ఆరిపోతోంది.

“మేం తూచలేదు వకుళ గారూ. తీసేసుకున్నాం,” అన్నాడు.

విశాలాక్షి ఒప్పుకోలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కానీ లెక్క తెలిసిన మనిషి. ఏడాది గడిచింది కాబట్టి ఆ ఊరివాళ్లకు బాధ తగ్గి ఉండొచ్చు, వకుళకూ అంతే కావచ్చు, తగ్గించింది టోపీనా కాలమా అని తేల్చకుండా ఈ మాట రాస్తే మొదటి ప్రశ్నకే థీసిస్ కూలిపోతుందంది. తేల్చాలంటే అదే బాధ, అంతే కాలంగా మోస్తూ, టోపీ ఒక్కసారి కూడా పెట్టుకోని మనిషి కావాలి, ఎర్రన్నలాంటివాళ్లు ఎలాగూ కూర్చోరు. ఫణి ఏదో అనబోయి వకుళ వైపు చూసి ఆగిపోయాడు. అతను అనబోయింది మురారి పేరని ముగ్గురికీ తెలుసు.

ఇంటికెళ్లి, పాలవాడు రాలేదని చెప్పినంత మామూలుగా వకుళ మురారికి అంతా చెప్పింది. అతను వింటూ చేతిలోని కళ్లద్దాల గాజును తుడుస్తూనే ఉన్నాడు.

“పెట్టుకుంటే నేనూ నీలాగే అయిపోతానా?”

“కొన్నిసార్లు పెట్టుకుంటే అవుతావు.”

“బాధ ఉండదా?”

“ఉండదు. అన్నీ గుర్తుంటాయి. బాధ ఉండదు.”

మురారి గాజును డబ్బాలో పెట్టాడు. వస్తానన్నాడు. ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఏడవలేకపోతున్నానన్నాడు. నువ్వు వంటింట్లో ఉంటావు, నేను హాల్లో ఉంటాను, నా పక్కన ఎవరూ ఉండరన్నాడు. వకుళ ఆ మాటలు విని అర్థం చేసుకుంది. అర్థం కావడంలో ఆమెకు ఏ లోటూ లేదు.

ల్యాబులో అతనికి ఫణి స్వయంగా టోపీ తొడిగాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక మురారి ఆస్పత్రి ఊసెత్తకుండా దుకాణం గురించి చెప్పాడు. సాయంత్రాలు మిన్ను దుకాణానికి వచ్చి, గాజుల్లేని ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, వచ్చినవాళ్లను పట్టుకుని తాను ఎవరిలా ఉందో చెప్పమనేది. ఒక పెద్దాయన మా హెడ్మాస్టరులా ఉన్నావంటే, వెళ్లిపోతున్న ఆయన్ని ఆపి హోంవర్కు చూపించమంది. చెబుతూ మురారి నవ్వాడు. నవ్వు మధ్యలో అతని మొహం విడిపోయింది.

వకుళ తెర వైపు నిలబడింది. గీత లేచింది. ఎనభై, తొంభై, వంద దాటింది. అచ్చం ఆమె మొదటి గ్రాఫులాగే, అదే ఒంపుతో. తానొకప్పుడు ఇలా ఉండేదన్నమాట అనుకుంది. జ్ఞాపకం మూత పూర్తిగా తెరుచుకుని ఉంది, తాకిళ్లు ఇక మొదలు కాబోతున్నాయని మీట మీదికి వెళ్తున్న ఫణి వేలు చెబుతోంది. ఆమె చెయ్యి చాచి మీట కట్టేసింది.

పూర్తి కాలేదనీ, పూర్తికాని కొలత లెక్కలోకి రాదనీ ఫణి అన్నాడు. రాకపోతే మానె అంది వకుళ. వచ్చి మురారి తల మీంచి టోపీ తీసింది. ఇద్దరిలో ఒకరి దగ్గరైనా పాప ఉండాలని ఆమెకు అనిపించిందా అంటే, అనిపించలేదు. అనుకుంది. ఆమెకు మిగిలింది అనుకోవడమే.

మురారికి కోపం వచ్చింది. దారి పొడుగునా ఆమెకు నాలుగడుగులు ముందే నడిచాడు. ఇంటికొచ్చాక అడిగాడు.

“నా బాధ తీయించేసుకునే హక్కు నాకు లేదా? నీది నీకు తెలియకుండా పోయిందని, నాది నేను కావాలని పోగొట్టుకోకూడదా?”

“ఉంది. నీకు కావాలనుకుంటే నువ్వే ఫణి దగ్గరికి వెళ్లు, నేను అడ్డుపడను. నా థీసిస్ కోసం మాత్రం వద్దు.”

మర్నాడు ఆమె మొదటి విడత రికార్డింగులు తీసుకుని కాలనీకి వెళ్లింది. ఎవరి తలకూ ఏదీ తొడగకుండా తేల్చే మార్గం అదొక్కటే తోచింది. ఏడాది కిందటి మాటలు వాళ్లవి వాళ్లకే వినిపించి, విన్నాక ఏమంటారో రాసుకోవాలి. సర్వేలు చేసేటప్పుడు ఆమె నేర్చుకున్న పాత పని.

నూకాలు ఇంటి అరుగు మీద ఫోను పెట్టి మీట నొక్కింది. ఒడ్డు గురించీ, మొగుడి గురించీ, దిక్కు తెలియకపోవడం గురించీ చెబుతున్న గొంతు వచ్చింది. తర్వాత ఏడుపు. నూకాలు తల వంచుకుని శ్రద్ధగా వింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఏడుపు అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

“ఎవలో గానీ పాపం, మా ఇదిగా ఏడుత్తన్నాది,” అంది నూకాలు.

“మీరేనమ్మా.”

“నాకు తెలుసు నానేనని. నా గొంతు నాకు తెల్దేటి. అయినా నాలాగ నేదు.”

కొంగుతో మొహం తుడుచుకుంది గాని కళ్లు పొడిగానే ఉన్నాయి. తర్వాత అడిగింది.

“ఆయమ్మ అడిగిన దారి ఇచ్చినారా?”

“ఇవ్వలేదు.”

“మరిప్పుడెవులు అడుగుతున్నారు?”

“ఎర్రన్న గారొక్కరే.”

నూకాలు లోపలికెళ్లి, వాయిదా ఎప్పుడో కనుక్కు రమ్మని కోడలిని ఎర్రన్న ఇంటికి పంపింది. అంతలా అడిగిన మనిషిని మధ్యలో ఒగ్గీసి కూర్చోవడం బాగోలేదంది. పక్కన నిలబడ్డ ఆడవాళ్లు తమ గొంతులు కూడా వినిపించమన్నారు. ఆ పూటంతా ఆ వీధిలో ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో ఏడుపులు వినిపించాయి. వింటున్నవాళ్లెవరూ ఏడవలేదు.

వకుళ చివరి అధ్యాయం తిరగరాసింది. ఒకరి దుఃఖాన్ని తూచి తక్కువైందని చెప్పే ముందు, ఆ తూచడం వల్లనే తక్కువైందేమో చూడాలనీ, ప్రజలు అడగడం మానేశారంటే వాళ్లకు అవసరం తీరిందని అర్థం కాదనీ రాసింది. ఆ అధ్యాయం తీసెయ్యమని విశాలాక్షి చెప్పిచూసింది. డిగ్రీ చేతికొచ్చాక వేరే వ్యాసంగా వేసుకోవచ్చంది. అప్పటికి ముసాయిదా అమల్లోకి వచ్చేస్తుందని వకుళ అంది.

వైవాకు బయట నుంచి వచ్చిన పరీక్షకుడు రిటైరైన ఐఏఎస్ అధికారి. మర్యాదస్తుడు. చాలా ప్రశ్నలు వేశాక కళ్లద్దాలు తీసి అడిగాడు, మీరు హాయిగా నిద్రపోతున్నారు, పని చేసుకుంటున్నారు, దీన్ని నష్టమని ఎలా అంటారని.

“నాకు నష్టంగా అనిపించడం లేదండీ,” అంది వకుళ. “అందుకే నా మాట నమ్మొద్దంటున్నాను. నా మొదటి రికార్డింగు ఉంది, అది వినండి.”

పెట్టారు. నిమిషం కూడా గడవకముందే విశాలాక్షి లేచి దాన్ని ఆపేసింది. ఆ గదిలో స్థిమితంగా కూర్చున్న మనిషి వకుళ ఒక్కతే.

డిగ్రీ రాలేదు. మరిన్ని ఆధారాలతో మళ్లీ సమర్పించమన్నారు. కానీ అధ్యాయం దాఖలైపోయింది కాబట్టి ఎథిక్స్ కమిటీ దాన్ని చదవక తప్పలేదు. టోపీ వాడకం ఆపించారు, రెండో విడత అంకెలు వెనక్కి తీసుకున్నారు. శాఖ ముసాయిదా అక్కడితో ఆగింది. ఉద్యోగం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఫణి ఆ గదికి తాళం వేసి, తెలిసినవాళ్ల కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయాడు.

ట్రిబ్యునల్ వాయిదాకు వకుళ కూడా వెళ్లింది. ఎర్రన్న వెనక నూకాలు, ఆవిడ వెనక సగం కాలనీ. రేవు తరఫు లాయరు లేచి, వీళ్లెవరికీ ఇప్పుడు ఏ బాధా లేదని, అంకెలు వెనక్కి తీసుకున్నా ఒక పరిశోధన తేల్చింది అదేనని చెప్పాడు. ట్రిబ్యునల్ సభ్యుడు నూకాలును పిలిచి, అది నిజమేనా అని అడిగాడు.

“నిజమే బావూ. నాకిప్పుడే బాదా నేదు,” అంది నూకాలు. “బాద ఉన్నప్పుడు అడిగినాను, అప్పుడియ్యనేదు. ఇప్పుడు బాద నేదు గదాని ఇయ్యరు. మరెప్పుడిస్తారు?”

సభ్యుడు ఆ మాట రాసుకున్నాడు. తీర్పు ఆ రోజు రాలేదు. వర్షాలు వెళ్లాక వచ్చింది. కంచె పక్కన నడక దారి వదలమని. ఎర్రన్న ఆ దారిన మొదటిసారి నడిచినప్పుడు ఒడ్డు దాకా వెళ్లి అక్కడే కూలబడి ఏడ్చాడట. నూకాలు అప్పుడప్పుడూ వెళ్లి కూర్చుంటోంది. ఎలా ఉందని ఫోనులో అడిగితే గాలి బాగా వేస్తోందని చెప్పింది.

మురారి ఫణి దగ్గరికి వెళ్లనే లేదు. వెళ్లాలనుకున్నాడో లేదో వకుళ అడగలేదు, అతను చెప్పలేదు. దుకాణానికి వెళ్లడం, రావడం, అన్నం తినడం. ఒక సెలవు రోజు పొద్దున అతను వార్తాపత్రిక మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఒక్క పేజీ కూడా తిప్పలేదు. వకుళ చేతిలోని కూరగాయల పళ్లెం పక్కన పెట్టి, ఎదురుగా వచ్చి కూర్చుంది.

“పాప గురించి ఏదైనా చెప్పు,” అంది.

“నీకు తెలియనిదేముంది.”

“తెలిసిందైనా సరే, చెప్పు.”

అతను పత్రిక మడిచాడు. ఆస్పత్రికి వెళ్లే రోజు ఆమె డాక్టరుతో ఫోనులో మాట్లాడడానికి ఆగి, వెనక స్కూటరు మీద వచ్చింది, పాపా తానూ ఆటోలో ముందు వెళ్లారు. అక్కడి నుంచి మొదలుపెట్టాడు.

“ఆటోలో నాతో ఒకటి చెప్పింది. నాకు భయమేస్తోంది నాన్నా అంది. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది అంది.” అతను పత్రికను ఇంకో మడత పెట్టాడు. “చెప్పనని మాటిచ్చాను. అప్పుడు నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు. తర్వాత చెప్పినా ఒకటేనని చెప్పలేదు.”

వకుళ ఆ మాటను లోపలికి తీసుకుని, అది ఎక్కడైనా తగులుతుందేమోనని ఆగింది. ఎక్కడా తగల్లేదు. మురారి ఏడుస్తున్నాడు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని అతని చెయ్యి పట్టుకుంది.

“అప్పుడు నువ్వేం చేశావు?”

“ఒళ్లోకి తీసుకున్నాను.”

“తర్వాత?”

మురారి మొహం తుడుచుకుని, బస్సు కాంప్లెక్సు మలుపు దగ్గర ఆటో ఆగిన సంగతి దగ్గర్నుంచి చెప్పసాగాడు. ఆమె చెయ్యి వదలకుండా వింటూ కూర్చుంది.